విశ్వం పుట్టుక: ఒక ఫాదర్ లెక్క, ఒక పోప్ మాట, మన ప్రశ్న



హాస్టళ్లలో సైన్స్ చదివే మన పిల్లల్ని రెండు వైపుల నుంచి లాగుతుంటారు. ఒకరు వచ్చి "బిగ్ బ్యాంగ్ మా గ్రంథంలో ఎప్పుడో ఉంది, సైన్స్ ఇప్పుడు రుజువు చేసింది" అంటారు. ఇంకొకరు "ఫిజిక్స్ వచ్చాక దేవుడే లేడు, ఇక మీ వేల్పులెక్కడ, అంతా మూఢనమ్మకం" అంటారు. ఇద్దరూ ప్రమాణం చేసేది సైన్స్ మీదే. మధ్యలో నలిగేది మనం. జాతరకు ఇంటికి పోతే ఒక మనిషి, ల్యాబ్‌లో ఇంకో మనిషి అన్నట్టు బతకాల్సి వస్తోంది.

అసలు ఈ గొడవ కొత్తది కాదు. బిగ్ బ్యాంగ్ ఆలోచనకు మొదటి రూపం ఇచ్చిన మనిషే దీన్ని ఎదుర్కొన్నాడు. ఆయన చరిత్ర మనం తెలుసుకోవాలి.

ఆయన పేరు జార్జ్ లెమెత్ర్. 1894లో బెల్జియంలోని షార్లెరువాలో పుట్టాడు. ఇంజనీరింగ్ చదువుతుండగా మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. సైన్యంలో చేరి ఫిరంగి దళంలో పనిచేశాడు. తిరిగొచ్చాక గణితం, భౌతికశాస్త్రం చదివాడు, 1923లో క్యాథలిక్ ఫాదర్ అయ్యాడు. అదే ఏడు కేంబ్రిడ్జికి పోయి ఎడింగ్టన్ దగ్గర నేర్చుకున్నాడు. అంటే ఒంటి మీద ఫాదర్ అంగీ, చేతిలో ఐన్‌స్టీన్ సమీకరణాలు.

అప్పటికి విశ్వం కదలకుండా ఎప్పుడూ ఒకేలా ఉంటుందని ఐన్‌స్టీన్ సహా చాలామంది నమ్మేవాళ్లు. సమీకరణాల్లో విశ్వం సాగొచ్చు, ముడుచుకోవచ్చు అని 1922లోనే రష్యాలో ఫ్రీడ్‌మన్ చూపించాడు. ఆ సంగతి తెలియకుండానే లెమెత్ర్ 1927లో సొంతంగా అక్కడికి చేరాడు. ఇంకో అడుగు కూడా వేశాడు: గెలాక్సీలు మన నుంచి దూరంగా పోతున్నట్టు కనిపించే కొలతలను ఈ లెక్కతో కలిపాడు. ఫ్రెంచ్‌లో, పెద్దగా ఎవరూ చదవని బెల్జియం పత్రికలో అచ్చయింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఐన్‌స్టీన్ లెక్క బాగుందన్నాడు గానీ, ఆ భౌతికశాస్త్రాన్ని ఒప్పుకోలేదు. 1929లో హబుల్ కొలతలు వచ్చాకే అందరూ ఇటు తిరిగారు. 1931లో లెమెత్ర్ ఇంకా ముందుకు పోయాడు. విశ్వం సాగుతోందంటే వెనక్కి పోతే అంతా ఒక్కచోట ఇరుకుగా ఉండాలి కదా! దానికి ఆయన పెట్టుకున్న పేరు ఆది అణువు.

ఇక్కడే గొడవ మొదలైంది. ఫాదర్ కదా, సృష్టి కథను దొడ్డిదారిన సైన్స్‌లోకి తెస్తున్నాడేమో అని చాలామందికి అనుమానం. దేవుణ్ని నమ్మని ఫ్రెడ్ హోయిల్‌కు ఈ ఆరంభం అనే మాటే గిట్టలేదు. 1948లో ఆయన, మరో ఇద్దరు కలిసి ఆరంభమే అక్కర్లేని స్థిర విశ్వం సిద్ధాంతం తెచ్చారు. 1949లో బీబీసీ రేడియోలో ఎదుటి సిద్ధాంతాన్ని "బిగ్ బ్యాంగ్" అన్నది కూడా ఆయనే. ఆ పేరే నిలిచిపోయింది.

1951 నవంబర్‌లో ఇంకో వైపు నుంచి దెబ్బ పడింది. పన్నెండో పయస్ పోప్ తమ సైన్స్ అకాడమీలో మాట్లాడుతూ, ఆధునిక సైన్స్ సృష్టి జరిగిందనడానికి, సృష్టికర్త ఉన్నాడనడానికి సాక్ష్యం చెప్తోందన్నట్టు చెప్పారు. లెమెత్ర్ సంబరపడాలి కదా? పడలేదు, ఇబ్బంది పడ్డాడు. వాటికన్ పరిశోధనాలయం డైరెక్టర్ ఓకానెల్ ద్వారా ఆ ఆందోళనను పైకి చేర్చాడని చరిత్రకారులు రాశారు. మరుసటి ఏడు రోమ్‌లో ఖగోళ శాస్త్రవేత్తల ముందు మాట్లాడినప్పుడు పోప్ ఆ వాదన మళ్లీ ఎత్తలేదు.

ఎందుకు ఇబ్బంది? ఒకటి, సిద్ధాంతం అప్పటికి పచ్చిగా ఉంది. అప్పటి కొలతల ప్రకారం విశ్వం వయసు సుమారు 200 కోట్ల ఏళ్లే వచ్చేది. భూమి మీది రాళ్లు అంతకన్నా పాతవి! తల్లి కన్నా బిడ్డ పెద్దదైనట్టు. 1952లో అదే రోమ్ సభలో బాడే దూరాల కొలతను సరిచేశాక గానీ ఆ చిక్కు వీడటం మొదలవలేదు. రేపు మారే లెక్క మీద దేవుణ్ని నిలబెడితే, లెక్క మారినప్పుడు దేవుడూ పడతాడు. రెండోది ఇంకా లోతైనది. తన సిద్ధాంతం దేవుణ్ని రుజువు చేయదు, కాదనీ చెప్పదు, నమ్మేవాడికీ నమ్మనివాడికీ సమానమే అన్నది లెమెత్ర్ మాటల సారాంశం.

1965లో పెంజియాస్, విల్సన్ ఆకాశం అంతటి నుంచీ వచ్చే మంద్రమైన సూక్ష్మతరంగాలను పట్టుకున్నారు. తొలి వేడికి మిగిలిన గుర్తు అది, ఇప్పుడు సుమారు 2.7 కెల్విన్. 1966 జూన్‌లో చనిపోయే ముందు లెమెత్ర్‌కు ఆ కబురు అందింది. గెలిపించింది సాక్ష్యమే. ఆయన అంగీ కాదు, హోయిల్ నాస్తికత్వం ఓడిందీ కాదు.

మరి విశ్వం ఉండటానికి కారణం దేవుడా, ఫిజిక్సా? విశ్వం సుమారు 1380 కోట్ల ఏళ్లుగా ఎలా మారుతూ వచ్చిందో ఫిజిక్స్ చెప్తుంది. శూన్యం నుంచే పుట్టొచ్చు అనే శాస్త్రవేత్తలూ ఉన్నారు. కానీ వాళ్ల శూన్యంలో కూడా నియమాలు ఉంటాయి. ఆ నియమాలు ఎందుకున్నాయి అంటే జవాబు ఇంకా లేదు. జవాబు లేదు కాబట్టి మా దేవుడే అనడం దుడుకు. ఇక ప్రశ్నే లేదు అనడమూ దుడుకే.

ఇప్పుడు మన మాటకొద్దాం. ఆదిలాబాద్ గోండు గూడేల్లో ప్రధాన్‌లు కిక్రి వాయిస్తూ పహండి కుపార్ లింగాల్ కథ పాడతారు. గుహలో చిక్కిన దేవతలను ఆయన విడిపించి, సగలుగా ఏర్పరిచాడని ఆ కథ. అది హీలియం ఎలా తయారైందో చెప్పదు. మనమెవరం, ఎవరు ఎవరికి అన్నదమ్ములు, ఎవరికి పిల్లనివ్వొచ్చు అన్నది చెప్తుంది. దాన్ని ఫిజిక్స్ పరీక్షలో కూర్చోబెట్టి ఫెయిల్ చేయడం ఎంత తప్పో, అందులో బిగ్ బ్యాంగ్ ఉందని గొప్పలకు పోవడమూ అంతే తప్పు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫిజిక్స్ గట్టిగా చదవండి, లెక్క తప్పితే ఎవరి లెక్కైనా తప్పనండి. పండక్కి ఇంటికి పోయి పెద్దల దగ్గర కూర్చుని కథ మొత్తం వినండి, రాసుకోండి. ఒకటి నిలబడాలంటే ఇంకోటి కూలాలి అని ఎవరైనా అంటే, లెమెత్ర్ సంగతి చెప్పండి.