బందరుకి మెరైన్ డ్రైవ్ ఎందుకు లేదు?

బెజవాడలో బందరు రోడ్డు మీద తిరగనివాళ్లు ఉండరు కదా. అదే రోడ్డు పట్టుకుని ఓ 70 కిలోమీటర్లు వెళ్తే మచిలీపట్నం, అంటే మన బందరు. పేరుకి సముద్రం ఊరు. కానీ ఊళ్లో నిలబడితే సముద్రం కనపడదు. చూడాలంటే బండేసుకుని మంగినపూడి దాకా పోవాల్సిందే. వైజాగ్‌కి బీచ్ రోడ్డు ఉంది, ముంబైకి మెరైన్ డ్రైవ్ ఉంది. మరి నాలుగొందల ఏళ్ల కింద యూరప్ ఓడలొచ్చిన బందరుకి ఎందుకు లేదు?

ఫ్రాన్స్‌లో నీస్ అని ఒక ఊరుంది, మెడిటరేనియన్ ఒడ్డున. అక్కడ సముద్రం పక్కనే ఫేమస్ రోడ్డు ఒకటి ఉంది, దాని పేరుకి అర్థం 'ఇంగ్లీషువాళ్ల నడకదారి'. చలికాలం గడపడానికి వచ్చిన ఇంగ్లీషువాళ్లు 1820ల్లో డబ్బులేసుకుని మొదలెట్టించారు. ఆ చివర కోటకొండ. ఎక్కితే ఊరూ సముద్రం మొత్తం కళ్లముందే.

అదే ఇంగ్లీషువాళ్లు బందరుకి 1611లోనే వచ్చారు. డచ్చివాళ్లు ఇంకా ముందు, 1605లో. తర్వాత ఫ్రెంచివాళ్లు. అందరికీ మన అద్దకం బట్టలు కావాలి. కోట కట్టారు, గోడౌన్లు కట్టారు, సమాధులు కూడా కట్టుకున్నారు. డచ్చివాళ్లవి ఇప్పటికీ ఉన్నాయి, చెక్కిన రాళ్లతో, వెళ్లి చూడండి. నడకదారి మాత్రం వేయలేదు.

ఎందుకంటే ఇక్కడ ఒడ్డు అంటే బురద. కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రు. సముద్రం ఎంతదూరం పోయినా లోతు పెద్దగా ఉండదు. పెద్ద ఓడలు మైళ్ల దూరంలోనే లంగరేస్తే, సరుకు పడవల్లో చేరేసేవాళ్లు. కొండ సంగతి దేవుడెరుగు, చుట్టూ ఎక్కడానికి దిబ్బ కూడా లేదు.

అసలు ప్రమాదం ఈ లోతు తక్కువలోనే ఉంది. తుఫాను గాలి నీళ్లని ఒడ్డుకి తోస్తుంది. లోతున్నచోట ఆ నీళ్లు కిందనుంచి వెనక్కి జారిపోతాయి. ఇక్కడ పోవడానికి దారుండదు కాబట్టి పైకి లేస్తాయి. అదే ఉప్పెన.

1864 నవంబర్ 1 రాత్రి బందరు మీదకి అదే వచ్చింది. ఊరూ చుట్టుపక్కల పల్లెలూ కలిపి సుమారు 30,000 మంది పోయారు. చీకట్లో, చదును నేల మీద, ఎటు పరిగెడతారు? ఎక్కడానికి ఏముంది? నీస్‌లో కొండ ఎక్కేది వ్యూ కోసం. ఇక్కడ కొండ ఉండుంటే ఎంతమంది బతికేవాళ్లో.

ఇంత జరిగాక కూడా, 113 ఏళ్ల తర్వాత, 1977 నవంబర్ 19న దివిసీమలో మళ్లీ అదే సీన్. ఈసారి దాదాపు 10,000 మంది. కొబ్బరిచెట్టో తాడిచెట్టో పట్టుకుని బతికామని చెప్పే పెద్దవాళ్లు ఇంకా ఆ ఊళ్లల్లో ఉన్నారు.

ఆ తర్వాతే తీరం పొడుగునా తుఫాను షెల్టర్లు లేచాయి. లావుపాటి స్తంభాల మీద, కింద నీళ్లు పోయేలా ఖాళీ వదిలి, పైన కాంక్రీటు డాబా. చూడ్డానికి ఏమంత అందంగా ఉండవు. రీల్స్ తీసేవాళ్లు అటు తిరిగి కూడా చూడరు. కానీ తీరం పల్లెల్లో చాలాచోట్ల ఎత్తు అంటే ఆ డాబానే. ఎక్కితే ఒకపక్క వరి, ఇంకోపక్క రొయ్యల చెరువులు, వాటి వెనక సముద్రం.

మీ ఊళ్లో షెల్టర్ ఉంటే ఒకసారి ఎక్కి చూసి, మెట్లు బాగున్నాయా, గేటుకి తాళం వేసుందా, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కుని కామెంట్స్‌లో పెట్టండి.