గ్లూర్న్సు: ప్రాకారములోని చిన్నపట్టణము

తొమ్మిదివందల మంది మాత్రము నివసించు ఊరిని పట్టణమని పిలుచుట మనకు వింతగా తోచును. మన వైపున నట్టి యూరు చిన్న పల్లెలలో నొకటిగా లెక్కింపబడును. అయినను ఇటలీ దేశపు ఉత్తరపు అంచున, ఆస్ట్రియా స్విట్జర్లండుల సరిహద్దులకు చేరువను, ఆల్ప్సు పర్వతముల నడుమ నున్న గ్లూర్న్సు ఏడువందల యేండ్లకు పైగా పట్టణమనియే వ్యవహరింపబడుచున్నది. ఇటాలియనులు దీనిని గ్లొరెంత్సా యందురు. ఊరివారిలో మిక్కిలి యధికుల మాతృభాష జర్మను గావున నేను గ్లూర్న్సు అనియే వ్రాయుచున్నాను. రాజధానుల చరిత్రలకు మన పాఠ్యగ్రంథములలో చాలినంత చోటు దొరకినది. ఇంత చిన్న యూరిలో గోడ యెవరిని కాపాడినది, చట్ట మెవరిని కాపాడినది అను ప్రశ్నకు సమాధానము వెదకుటయే యీ వ్యాసమున నా ప్రయత్నము.

ఆడిజె నది రెషన్ కనుమ దగ్గర సుమారు 1,550 మీటరుల యెత్తున పుట్టి దక్షిణముగా దిగివచ్చి, గ్లూర్న్సు దాపున తూర్పునకు మరలి, వింష్గౌ లోయవెంట మెరానో పట్టణమువైపు పోవును. ఆ మలుపుకడనే పడమటినుండి మరియొక లోయ వచ్చి కలియును. ఆ పడమటి లోయవెంట పోయినచో పండ్రెండు కిలోమీటరులలోపుననే స్విట్జర్లండు. ఉత్తరముగా కనుమ దాటిన ఆస్ట్రియా, దానికావల జర్మనీ. దక్షిణమున 3,905 మీటరుల ఓర్ట్‌లర్ శిఖరము మంచుతలపాగతో నిలిచియుండును. పట్టణము 907 మీటరుల యెత్తున నున్నది. ఇట్టి నాలుగు దారుల కూడలిలో సంత పుట్టక మానదు. సైన్యము రాక మానదు. ఈ రెండును గ్లూర్న్సునకు సమృద్ధిగానే ప్రాప్తించినవి.

ఆల్ప్సు పర్వతములన్నంతనే నిరంతరము వానలు, పచ్చికబయళ్ళు మన కన్నులకు కట్టును. వింష్గౌ అట్టిది కాదు. చుట్టునున్న ఎత్తైన కొండలు మేఘముల నడ్డగించుటచే ఇచట ఏటికి సుమారు 500 మిల్లీమీటరుల వర్షమే కురియును. ఇది మన అనంతపురపు వానకంటెను హెచ్చు గాదు. కావున రైతులు పూర్వకాలమునుండియు హిమానదములు కరగిన నీటిని కొండ యంచులవెంట సన్నని కాలువలలో త్రిప్పి పొలములకు తెచ్చుకొనిరి. వాల్ అని వారి భాషలో నా కాలువకు పేరు. మన పల్లెలలోని నీరటికాని వంటి యుద్యోగి యొక డక్కడను కలడు. వంతు ప్రకారము నీరు వదలుట, గండ్లు పూడ్చుట, చెత్త తీయుట వాని పని. కాలువలో నొక చిన్న చక్రమును, దానికి సుత్తెను, గంటను అమర్చుదురు. నీరు పారునంతసేపు గంట మ్రోగుచుండును. గంట యాగినచో ఎచటనో కాలువ తెగినదనియో పూడినదనియో తెలిసికొని నీరటికాడు పరుగెత్తును. శబ్దము ప్రమాదమునకు గుర్తని మన మనుకొందుము. అచట నిశ్శబ్దమే ప్రమాదసూచకము.

ఈ పట్టణము తనంతట తాను పెరిగినది కాదు. స్పర్ధ వలన పుట్టినది. పదుమూడవ శతాబ్దమున ఈ లోయపై కూర్ నగరపు బిషప్పునకు విశేషాధికారము లుండెను. తిరోలు ప్రభువైన రెండవ మైన్‌హార్డు ఆ యధికారములను కొంచెము కొంచెముగా నాక్రమించుకొనుచు, బిషప్పు సంతకు పోటీగా గ్లూర్న్సులో తన సంతను నెలకొల్పెను. 1291లో ఈ యూరు సంతయూరుగా పేర్కొనబడినది. 1304 నాటికి పట్టణమైనది. ఇన్‌స్‌బ్రుక్ చెంతనున్న హాల్ పట్టణపు ఉప్పు కనుమ దాటి యిచటికి వచ్చి, ఇచటినుండి పడమటి లోయలకు పోవుచుండెను. కొండదేశములలో పశువులకును ఉప్పు కావలెను, జున్నునకును ఉప్పు కావలెను, చలికాలమునకై మాంసము నిలువయుంచుటకును ఉప్పే కావలెను. వర్తకులు బలిసిరి. పొట్టి కమానుల వసారాలుగల వీధి యొకటి నేటికిని ఆ దినముల గుర్తుగా నిలిచియున్నది.

ఆ సంపదకు 1499లో తెరపడినది. హాబ్స్‌బుర్గు వంశజుడైన మాక్సిమిలియను చక్రవర్తికిని, స్విస్సువారికిని, వారి మిత్రులగు గ్రౌబుండెన్ ప్రాంతపు మూడు కూటములకును యుద్ధము సంభవించెను. కూటము లనగా రాజులు కారు. లోయలలోని రైతులును పట్టణవాసులును ఒడంబడికలు వ్రాసికొని తమ్ముతామే పాలించుకొనిన సంఘములు. తిరోలు సేన గ్లూర్న్సునకు పడమట కాల్వెన్ అను ఇరుకులో అడ్డుగోడ కట్టి కాచియుండెను. మే 22వ తేదీన కూటములవారు కొందరు రాత్రి కొండదారిని చుట్టి వెనుకకు వచ్చిరి. కొందరు ఎదురుగా తాకిరి. వేలమంది కూలిరి. గెలిచినవారు గ్లూర్న్సును దోచి తగులబెట్టి, లోయపొడవునను ఊళ్ళు కాల్చుచు పోయిరి. ఈ వార్త విని మెరానోలో తిరోలువారు తమయొద్ద బందీలుగా నున్న ఎంగడీను లోయవారిని చంపిరి. యుద్ధమునకు పోయినవా రొకరు, చచ్చినవారు మరియొకరు. సెప్టెంబరులో బాసెల్ నగరమున సంధి కుదిరినది గాని, కాలిన యిండ్లు సంధిపత్రముచే తిరిగి లేవవు గదా!

మాక్సిమిలియను ఈ సరిహద్దు ఊరిని దుర్గముగా మార్ప నిశ్చయించెను. ఆయన యాస్థాన చిత్రకారుడును వాస్తుశిల్పియునగు యోర్గ్ కోల్డెరర్ పథకము గీసెను. ఊరిచుట్టును గోడ, మూలల గుండ్రని బురుజులు, మాల్సు, ష్లూడెర్న్సు, టౌఫెర్సు ఊళ్ళవైపు మూడు ద్వారములు, ద్వారములపై గోపురములు. పని సాగిసాగి సుమారు 1580లో ముగిసినది. చక్రవర్తి 1519లోనే మరణించెను. అప్పటికి కూటములతో శాంతి నెలకొనినది; ఫిరంగులును బలిసినవి. ఇల్లు కాలిన పిమ్మట బావి త్రవ్వుట యను సామెతకు ఇంతకంటె మంచి యుదాహరణము నాకు దొరకలేదు. 1799 మార్చిలో ఫ్రెంచివారు టౌఫెర్సువద్ద ఆస్ట్రియా సేనను గెలిచి వచ్చి గ్లూర్న్సులో మరల నిప్పు పెట్టిరి. అంత శ్రమపడి కట్టిన గోడ ఒక్క పర్యాయమైనను తన పని చేయలేదు.

గోడ చేయని పనిని ఒక్కొక్కప్పుడు న్యాయస్థానము చేసినది. గ్లూర్న్సు ఆ ప్రాంతమునకు కచేరీ యూరు. 1519లో ష్టిల్ఫ్సు అను కొండపల్లెనుండి సీమోన్ ఫ్లిస్ అనునతడు గ్రామస్థుల పక్షమున నిచటికి వచ్చి ఒక అభియోగము దాఖలు చేసెను. ప్రతివాదులు పొలములలోని ఎలుకలు. ఎలుకమీది కోపమున ఇంటికి నిప్పు పెట్టుకొనినవాని సామెత మన కున్నది. ష్టిల్ఫ్సు రైతులు ఎలుకమీది కోపమున కచేరీ మెట్లెక్కిరి. ఎలుకలు నేల త్రవ్వి, మన్ను కుప్పలు పోసి, గడ్డియైనను మొలవకుండ చేయుచున్నవనియు, తాము శిస్తు కట్టజాలకున్నామనియు వారి మొర. సాక్షులు వచ్చి చెప్పిరి.

నవ్వుట సులభము. కాని యా తరువాత జరిగినదానిని గమనింపుడు. ప్రతివాదులు నోరులేనివి గనుక వాని కష్టసుఖములు చెప్పుటకు ఒక వకీలుండవలెనని కచేరీవారు హాన్స్ గ్రీనెబ్నర్ అనువానిని నియమించిరి. అతడు తన కక్షిదారులవలని మేలులు ఏకరువు పెట్టెను: పురుగులను తినును, నేలను గుల్లచేయును, సారము పెంచును. ఒకవేళ వెడలగొట్ట నిశ్చయించినచో వానికి వేరొక నివాసము చూపవలెననియు, త్రోవలో కుక్కలు, పిల్లులు హింసింపకుండ అభయ మీయవలెననియు వేడెను. 1520లో తీర్పు వచ్చినది. ఎలుకలు పదునాలుగు దినములలో పొలములు విడిచి పోవలెను. అయితే చూలుతోనున్నవానికిని, నడువలేని పసికూనలకును మరి పదునాలుగు దినముల గడువును, సురక్షితముగా పోవుటకు అభయమును ఈయబడినవి.

యూరపుఖండమున నా కాలమున జంతువులపై అభియోగములు అక్కడక్కడ జరుగుచునే యుండెను. ఇది మూఢవిశ్వాసమని త్రోసివేయువారు కలరు. ఎలుకలు తీర్పు విని కదలిపోవునని నమ్ముట మూఢత్వమే, సందేహము లేదు. కాని నోరులేనివానికి వకీలు నిచ్చుట మూఢత్వము కాదు. గర్భిణికిని శిశువునకును గడు వీయవలె నను తలంపు మూఢత్వము కాదు. ఈ నాగరికమైన తలంపు ఆ లోయలో మనుష్యుల పిల్లలవరకు ఎప్పుడు వచ్చినదని యడిగితినేని, మిక్కిలి యాలస్యముగా వచ్చినదని చెప్పవలసియున్నది.

వింష్గౌ పైభాగమున ఆస్తిని పిల్లలందరకు సమానముగా పంచు నాచారము. న్యాయమైనదే, కాని తరము తరమునకును చెక్కలు చిన్నవై, తుదకు ఒక ఆవును మేపుటకైనను చాలని కమతములు మిగిలినవి. ఉప్పు వర్తకము క్షీణించెను. ఏటి వరదలు గోరుచుట్టుపై రోకటిపోటయ్యెను. అప్పుడు తల్లిదండ్రులు పిల్లలను పనికి పంప మొదలిడిరి. తిరోలు మొదలగు ప్రాంతములనుండి ఏటేట మార్చి 19వ తేదీ, సెయింట్ జోసెఫ్ పండుగ దినముల వేళ, ఆరేడేండ్లనుండి పదునాలుగేండ్లవరకు గల బాలబాలికలు, ఒక పెద్ద వెంటరాగా, మంచు కరగని కనుమలు దాటి నడిచి, జర్మనీలోని స్వాబియా ప్రాంతమునకు పోవుచుండిరి. రావెన్స్‌బుర్గు మొదలగు పట్టణములలో పిల్లల సంత జరిగెడిది. రైతులు వచ్చి బేరమాడి తీసికొని పోవుదురు. పశువుల కాపు, ఇంటి చాకిరి. శరదృతువున తిరిగి వచ్చునప్పుడు వారికి దక్కునది కొన్ని నాణెములు, రెండు జతల బట్టలు, చెప్పులు. స్వాబియా పిల్లలని వారికి పేరు.

ఆస్ట్రియాలో 1774లోనే మరియా తెరీసా రాణి నిర్బంధ విద్యాశాసనము చేసియుండెను. అయినను ఈ పిల్లలకు బడినుండి సెలవు దొరకుచునే యుండెను. అవతల వుర్టెంబర్గు రాజ్యమున నిర్బంధవిద్య యుండియు, అది పరదేశపు పిల్లలకు వర్తింపదనిరి. రెండు దేశముల చట్టములకు నడుమ సందు దొరకినది. ఆ సందులో పిల్లలు మూడు శతాబ్దములు నడిచిరి. 1891లో కొందరు దయాళువులు సంఘముగా ఏర్పడి వారి ప్రయాణములకు రక్షణయు, ఒప్పందములకు కాగితమును కల్పించిరి. 1908లో అమెరికా పత్రికలు ఇది దాసవిక్రయమేయని నిందించినవి. రావెన్స్‌బుర్గు సంత 1915లో నిలిచినది. 1921లో పరదేశపు పిల్లలును బడికి పోవలెనని వుర్టెంబర్గు నిర్ణయించిన పిమ్మట ఈ యాచారము రూపుమాసినది. సంతలను నిందించిన వ్రాతలకంటె ఆ యొక్క నిబంధనయే దానిని ముగించిన దనుట నా యభిప్రాయము. బడి తప్పనిసరియైన తావున బాలుని కొనువాడు కరవగును.

అయితే గ్లూర్న్సు పిల్లలకు ఆ బడియు స్థిరముగా నిలువలేదు. మొదటి ప్రపంచయుద్ధానంతరము 1919 నాటి సంధి ప్రకారము దక్షిణ తిరోలు ఇటలీ పాలాయెను. 1923లో ముస్సోలినీ ప్రభుత్వము బడులలో జర్మను బోధనను తీసివేయ నారంభించెను. ఇంట నొక భాష, బడిలో మరియొక భాష. ఉపాధ్యాయులు కొలువులు కోల్పోయిరి. గాదెలలోను, వంటయిండ్లలోను రహస్యముగా మాతృభాషలో అక్షరములు దిద్దించిన యువతు లెందరో కలరు, పట్టుబడినచో శిక్ష. తొలి క్రైస్తవులు నేలమాళిగలలో దాగిన కథను తలచి వానిని కాటకూంబు బడులనిరి. 1939లో హిట్లరు ముస్సోలినీల ఒప్పందము జర్మనీకి పోయి భాషను నిలుపుకొందురా, ఇటలీలో నుండి విడుతురా యని జనులను కోరుకొమ్మనెను. కోరికలలో నిది క్రూరమైనది. కోరుకొనిన వారిలో సుమారు 75,000 మంది నిజముగనే ఊళ్ళు విడిచిరి. 1946లో ఆస్ట్రియా ఇటలీల నడుమ కుదిరిన యొడంబడిక మాతృభాషలో విద్యకు హామీ యిచ్చినది. 1972 నాటి స్వపరిపాలనా శాసనముతో అది బలపడినది.

ఇతర పట్టణములు పందొమ్మిదవ శతాబ్దమున గోడలు పడగొట్టి రాజవీధులు వేసికొనినవి. గ్లూర్న్సునకు విస్తరించుటకు జనము లేదు. పడగొట్టుటకు ధనమును లేదు. అందువలన గోడ మిగిలినది. 1906లో వచ్చిన రైలుమార్గమును ఊరిలోనికి రాక ష్లూడెర్న్సుమీదుగా మాల్సునకు పోయినది. 1990లో మూసివేసిన ఆ మార్గము 2005లో మరల తెరువబడినది. ఇప్పుడు దానిలో వచ్చువారిలో ననేకులు ఈ గోడను చూచుటకే వచ్చుచున్నారు. వెలుపల ఏటి కావల సెయింట్ పంక్రాజ్ దేవాలయపు గోపురముమీద 1496లో చిత్రింపబడిన అంత్యతీర్పు చిత్రము నిలిచియున్నది. మూడేండ్ల పిమ్మట దాని యెదుటనే పట్టణమంతయు కాలినది.  దగ్గరనున్న ష్లూడెర్న్సు ప్రదర్శనశాలలో కాలువ గంటలును, స్వాబియా పిల్లల చరిత్రయు ఒక్క కప్పుక్రిందనే చూపబడుచున్నవి.