స్టేషన్ ముందర ఊరు

2025 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ స్టేషన్ ముఖద్వారాన్ని నేలమట్టం చేశారు. కోట గుమ్మాన్ని తలపించే ఆ కమాను మీద యంత్రం కొక్కెం పడుతున్న దృశ్యాలు ఫోన్లలో తెగ తిరిగాయి. స్టేషన్‌కు 150 ఏళ్లు నిండి అప్పటికి నాలుగు నెలలే. కోచింగ్‌కని రేకు పెట్టెతో దిగినవాళ్లు, ఎవరినో సాగనంపడానికి ప్లాట్‌ఫారం టికెట్ కొన్నవాళ్లు, సంక్రాంతి ముందు రోజు జనరల్ బోగీలో కాలు పెట్టే చోటు దొరక్క తిరిగి వెళ్లిపోయినవాళ్లు, అంతా తలా ఒక జ్ఞాపకం రాసుకున్నారు. రాసుకోవలసిందే. కాకపోతే ఆ బాధంతా ఒక్క గోడ చుట్టూనే తిరిగింది. గోడ బయట, ముందూ వెనకా, ఇన్నేళ్లూ ఆ స్టేషన్ పెట్టిన కూడు తింటూ పెరిగిన ఊరొకటుంది. రెజిమెంటల్ బజార్, మోండా, చిలకలగూడ, భోయిగూడ. దాని సంగతి పెద్దగా ఎవరూ ఎత్తలేదు.

నిజాం రాజధాని హైదరాబాద్ అయినప్పుడు పట్టాలు హుస్సేన్ సాగర్‌కు ఇవతల, లష్కర్ అని పిలిచే సికింద్రాబాద్‌కు ఎందుకొచ్చాయి? ఫౌజు కోసం. నిజాంతో కుదిరిన 1798 ఒప్పందంతో ఈస్టిండియా కంపెనీ సైన్యం ఇక్కడ తిష్ఠ వేసింది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఆ దండు విడిదికి సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. 1857 తిరుగుబాటులో తుర్రెబాజ్ ఖాన్ మనుషులు కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద విరుచుకుపడిన జ్ఞాపకం దొరలకు అంత త్వరగా పోలేదు. 1871లో బొంబాయి పట్టాలు, మద్రాసు పట్టాలు రాయచూరు దగ్గర కలిశాక, ఆ దారిలోని వాడి జంక్షన్ నుంచి ఒక పాయ సికింద్రాబాద్‌కు లాగితే దండును గంటల్లో దింపొచ్చన్నది బ్రిటిష్ వాళ్ల లెక్క. లెక్క వాళ్లది, ఖర్చు హైదరాబాద్ ఖజానాది. దివాన్ మొదటి సాలార్ జంగ్ లండన్‌లో వాటాలమ్మి సొమ్ము సమకూర్చాలని చూశారు. అనుకున్నంత రాలేదు, భారం రాజ్యం మీదే పడింది. 1874 అక్టోబర్‌లో తాండూరు, వికారాబాద్ మీదుగా ఆ లైను సికింద్రాబాద్ చేరేనాటికి గద్దె మీదున్న మహబూబ్ అలీ ఖాన్‌కు ఎనిమిదేళ్లు.

ఇక్కడి రైలు చరిత్రలో నాకు బాగా నచ్చే ఘట్టం ఆ తర్వాత తొమ్మిదేళ్లకు వస్తుంది. ఉన్న లైనును లండన్‌లో నమోదైన ఒక కంపెనీకి అప్పగించి, చందా (నేటి చంద్రపూర్) వైపూ బెజవాడ వైపూ పొడిగించాలని 1883లో సర్కారు తలపెట్టింది. షరతు ఏమిటంటే, లాభం వచ్చినా రాకపోయినా కంపెనీ పెట్టుబడి మీద ఏటా 5 శాతం చొప్పున 20 ఏళ్ల పాటు నిజాం ఖజానా వడ్డీ కట్టాలి. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అన్న ఆ కంపెనీ పేరులోని గ్యారంటీ అదే. ఈ బేరం వివరాలు జనం ముందు పెట్టమని నగరంలో చదువుకున్నవాళ్లు కొందరు సభలు పెట్టి అడిగారు. వాళ్లలో ముందున్న కాలేజీ ప్రిన్సిపాల్ అఘోరనాథ్ చటోపాధ్యాయను ఊళ్లోంచి పంపేశారు. తర్వాత సరోజినీ నాయుడుగా పేరొందిన ఆయన కూతురికి అప్పటికి నాలుగేళ్లు. ఆ కాలంలో సర్కారు తరఫున ఇలాంటి బేరసారాలు నడిపిన సర్దార్ అబ్దుల్ హక్ ఆ తర్వాత గనుల కంపెనీ వాటాల గొడవలో ఇరుక్కున్నాడు. 1888లో ఆ వ్యవహారం బ్రిటిష్ పార్లమెంటు కమిటీ దాకా వెళ్లింది. ఈ స్టేషన్ కోసం ఎవరు సంతకం పెట్టారు, ఎవరు కట్టారు, ఎవరు అడిగి దెబ్బతిన్నారు అన్న మూడు ప్రశ్నలకూ వేరువేరు జవాబులు రావడం మొదటి నుంచీ ఉన్నదే.

పట్టాలు మాత్రం ఆగలేదు. 1886కి వరంగల్, 1889కి బెజవాడ. ఇల్లందు బొగ్గు కదలడం మొదలైంది. శతాబ్దం మారే వేళకు మన్మాడ్ వైపు మీటర్‌గేజీ పడింది. లాలాగూడలో వర్క్‌షాపు వెలిసింది, దాని చుట్టూ మెట్టుగూడ దాకా రైల్వే క్వార్టర్లు, ఆంగ్లో ఇండియన్ ఫోర్‌మన్ల బంగళాలు, చర్చిలు వచ్చాయి. దండు కోసం వేసిన దారి వ్యాపారానికి, వలసకు, చదువుకు దారైంది. నిజాం పాలన కింద ఉన్న తెలంగాణ, ఇంగ్లిషు వాళ్ల కింద ఉన్న కోస్తా ఒకే రైల్లో పక్కపక్కన కూర్చోవడం బెజవాడ లైనుతో మొదలైంది.

స్టేషన్ ముందర ఊరు పుట్టింది రైలు వల్ల అనడం కన్నా రైలు కోసం ఎదురుచూడటం వల్ల అనడం సరైన మాట. బండి ఆలస్యమైతే కూర్చోవడానికి ఒక చోటు కావాలి, రాత్రి దిగితే తల వాల్చడానికి ఒక లాడ్జి కావాలి. దూరం నుంచి రోగిని తెచ్చినవాళ్లకు ఆసుపత్రి దగ్గర్లో ఉండాలి. ఒకప్పటి కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్, తర్వాతి గాంధీ ఆసుపత్రి ఏళ్ల తరబడి స్టేషన్‌కు నడిచివెళ్లే దూరంలోనే ఉండేది. ముషీరాబాద్ పాత జైలు స్థలానికి మారి రెండు దశాబ్దాలు దాటినా బస్సు కండక్టర్లకు ఆ స్టాపు ఇప్పటికీ పాత గాంధీయే. ఊరెళ్లేవాళ్లు బండి ఎక్కబోయే ముందు కొట్టే కొబ్బరికాయ గణేశ్ గుడికి, వచ్చేవాళ్ల కూరగాయల సంచీ మోండా మార్కెట్‌కు. 1932లో నిజాం రైల్వే సొంతంగా బస్సులు కూడా తిప్పడం మొదలుపెట్టింది. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. మన ఆర్టీసీకి మూలపురుషుడు ఆ రైల్వే శాఖే. ఒకే యజమాని రైలునూ బస్సునూ నడిపిన రోజులవి. ఇప్పుడు రేతిఫైల్ బస్టాండ్‌కు పెట్టె ఈడ్చుకుంటూ వెళ్లేవాళ్లకు చెబితే నమ్మరు.

తెల్లవారుజామున స్టేషన్ బయటకొస్తే ఈ ఎదురుచూపు ఎలా నడుస్తుందో కళ్లారా చూడొచ్చు. విశాఖ, గోదావరి జిల్లాల బళ్లు ఒకదాని వెనక ఒకటి దిగుతాయి. 1974 ఫిబ్రవరి 1న మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగిందంటే ఫలహారం హోటళ్ల పెనాలు కాలుతున్నట్టే. గోనె సంచిలో పోసి మూతి కుట్టిన బియ్యం, మూతికి గుడ్డ కట్టిన ఆవకాయ జాడీ, పూతరేకుల అట్టపెట్టె. ఎర్రచొక్కా కూలీ వాటిని ఒక్కసారి చూసి, జాడీని కాలి బొటనవేలితో తట్టి, "ఇది మీరే పట్టుకోండి సార్, పగిల్తే మా మీద పడొద్దు" అంటాడు. బేరం బరువు మీద ఉండదు, మెట్ల మీద ఉంటుంది. పదో నంబర్ నుంచి ఒకటో నంబర్‌కంటే ఒక రేటు, అదే ప్లాట్‌ఫారం మీద బోగీ నుంచి గేటు దాకా అంటే ఇంకోటి. రోడ్డు దాటితే ఆల్ఫా హోటల్. డికాక్షన్ ఒక చోట, చిక్కగా కాగిన పాలు ఒక చోట. చాయ్ పోసేవాడి చేయి రెంటి మధ్యా గడియారం లోలకంలా ఆడుతుంటుంది. మొదటి సిటీ బస్సు వచ్చేదాకా ఒక ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. ఆ అరగంట ఖాళీలోనే ఇక్కడి వ్యాపారమంతా ఉంది.

1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, దానికి సికింద్రాబాద్ కేంద్రమైంది. ప్లాట్‌ఫారాలు పెరిగి పది అయ్యాయి. భోయిగూడ వైపు రెండో ముఖం తెరుచుకుంది. ఆ వైపు ఆటోల రద్దీ, ఒకటో నంబర్ వైపు బస్సుల రద్దీ, మధ్యలో జనం. 2003లో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు, 2017 నవంబర్‌లో మెట్రో నాగోల్ దారి, 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ దారి. ఒక్క స్టేషన్‌కు సికింద్రాబాద్ ఈస్ట్, సికింద్రాబాద్ వెస్ట్ అని రెండు మెట్రో స్టాపులు దక్కాయి గానీ, ఏదీ స్టేషన్ గుమ్మంలో లేదు. ఇంత చేసినా ప్రయాణికుడి పని తేలిక కాలేదన్నది నిజం. పాత భవనం ఇరుకైపోయింది, మెట్లు ముసలివాళ్లకు శిక్షయ్యాయి. మార్చక తప్పదన్నవాళ్ల మాట నేను కాదనను.

2023 ఏప్రిల్ 8న ప్రధాని వచ్చి తిరుపతి వందే భారత్‌కు జెండా ఊపి, అదే రోజు స్టేషన్ పునర్నిర్మాణానికి శంకుస్థాపన చేశారు. అంచనా 720 కోట్ల రూపాయలు. రెండు వైపులా కొత్త భవనాలు, పట్టాల మీదుగా రెండంతస్తుల విశాలమైన రూఫ్ ప్లాజా, లిఫ్టులు, ఎస్కలేటర్లు, కదిలే నడకదారులు, బహుళ అంతస్తుల పార్కింగు, మెట్రోకు కలిపే నడక వంతెనలు. ప్రయాణికులకు కావలసినవన్నీ ఆ ప్లాజాలో ఒకేచోట దొరుకుతాయని చెప్పారు.

ఈ చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. ఇప్పటిదాకా స్టేషన్ ఎప్పుడు పెరిగినా దిగిన మనిషి వీధిలోకే వచ్చేవాడు. వీధిలో చాయ్ తాగి, వీధిలో బస్సెక్కేవాడు. కొత్త నమూనాలో అతను రైలు దిగి పైకెక్కుతాడు, అక్కడే తింటాడు, అక్కడే కూర్చుంటాడు, వంతెన మీదుగా మెట్రో పట్టుకుని వెళ్లిపోతాడు. ఎండకు ఎండడు, వానకు తడవడు. చేతిలో పసిపిల్లతో ఉన్న తల్లికి అంతకన్నా ఏం కావాలి? కానీ ఆ అరగంట ఖాళీ మాత్రం రోడ్డు మీద నుంచి రైల్వే కప్పు మీదకు ఎక్కిపోతుంది. దాంతోపాటు దాని మీద బతికే వ్యాపారం కూడా. అక్కడ అంగడి టెండరు పాడుకున్నవాడిది. రెజిమెంటల్ బజార్‌లో ముప్పై ఏళ్లుగా ఇడ్లీ బండి పెట్టుకున్నవాడు ఆ టెండరు కాగితం ముందు నిలవలేడు. కూలీల సంగతి సరేసరి. పెట్టెలకు చక్రాలొచ్చిన నాడే వాళ్లకు సగం దెబ్బ తగిలింది. మిగతా సగం మెట్ల మీద బతుకుతోంది. లిఫ్టొస్తే మెట్లుండవు.

ఆ రోజు ఎలా ఉంటుందో ఇప్పుడే కొంత రుచి చూస్తున్నారు. 2025 జనవరి 6న చర్లపల్లి కొత్త టెర్మినల్ మొదలైంది. పనుల కోసం సికింద్రాబాద్ బళ్లు కొన్నింటిని అక్కడికీ, వేరే స్టేషన్లకూ మళ్లించారు. ఊరి చివర దిగిన ప్రయాణికుడు ఆటోకిచ్చే డబ్బు టికెట్ డబ్బును మించిపోతోందని తిట్టుకుంటుంటే, ఇక్కడ స్టేషన్ చుట్టూ రేకుల కంచె, బయట కొట్టు తెరిచి కూర్చున్నవాళ్లకు పలచబడిన బేరం.

లండన్ వాళ్లు ఈ పాఠాన్ని రెండు సార్లు నేర్చుకున్నారు. 1961-62లో యూస్టన్ స్టేషన్ ముందరి రాతి కమానును ఎవరెంత మొత్తుకున్నా వినకుండా కూల్చేశారు. ఆ కసితోనే జనం పక్కనున్న సెయింట్ పాంక్రాస్ మీద చేయి పడనివ్వలేదు. 1967లో దానికి చట్ట రక్షణ దొరికింది. కట్టడాన్ని కాపాడుకోవడం మొదటి పాఠం. ఆ పక్కనే ఉన్న కింగ్స్ క్రాస్‌లో రెండోది. 2012లో స్టేషన్‌కు కొత్త హాలు వచ్చింది, వెనకున్న 67 ఎకరాల బొగ్గు గోదాముల నేలను కూడా అదే కాలంలో ఒక ప్రణాళిక కింద తీర్చిదిద్దారు. ధాన్యపు గోదాములో కళల కాలేజీ, గ్యాసు ట్యాంకుల ఇనుప చట్రాల్లో ఇళ్లు. అక్కడంతా ధర్మంగా జరిగిందని కాదు. ఆ ఇళ్ల ధరలు వింటే కళ్లు తిరుగుతాయి. స్టేషన్‌నూ దాని చుట్టుపక్కలనూ ఒకేసారి ఆలోచించారు, అంతవరకే ఆ ఉదాహరణ పనికొస్తుంది.

సికింద్రాబాద్‌లో అలా ఆలోచించడానికి బల్ల చుట్టూ కుర్చీలే కుదరవు. కంచె లోపల రైల్వేది, రేతిఫైల్ ఆర్టీసీది, స్తంభాలు మెట్రోవి, రోడ్డు నగర కార్పొరేషన్‌ది, ట్రాఫిక్ పోలీసులది. ప్రతివాళ్లూ తమ గీత దాకా చక్కగా కడతారు. గీతల మధ్య ఉన్నది ఇడ్లీ బండి, కూలీ, ఆటో.

వాళ్ల విషయంలో చట్టం ఏమంటుందో చూస్తే ఆ గీత విలువ తెలుస్తుంది. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం బండి పెట్టుకునేవాడికి గుర్తింపు పత్రం, కమిటీలో చోటు, ముందస్తు నోటీసు లేకుండా ఖాళీ చేయించకూడదన్న రక్షణ ఇచ్చింది. అదే చట్టం మొదటి సెక్షన్‌లోనే రైల్వే భూములకు ఇది వర్తించదని ఒక ముక్క ఉంది. పైగా 1989 రైల్వే చట్టం 144వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా రైల్వే స్థలంలో సరుకు అమ్మితే జైలో జరిమానానో. అంటే రోడ్డు మీద నిలబడి ఇడ్లీ అమ్మితే వ్యాపారి, నాలుగడుగులు లోపలికి జరిగి అమ్మితే ముద్దాయి. అందుకే రంగుల నమూనా చిత్రాల్లో గాజు కప్పును కాసేపు పక్కనపెట్టి, కొత్త ప్రాంగణం హద్దు గోడ ఏ అడుగు దగ్గర పడుతోందో, ముందరి స్థలంలో ఎంత వాహనాలకు పోతోందో, బండ్లకు జాగా ఎవరి నేల మీద చూపిస్తున్నారో మోండా, రెజిమెంటల్ బజార్, భోయిగూడ వాళ్లు ఇప్పుడే కాగితం మీద రాసివ్వమని అడగాలి. 1883లో అలా అడిగినందుకు ఊరొదిలి పోవాల్సొచ్చింది. ఇప్పుడు సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు చాలు.