సహనము – స్వీకారము

ఆంగ్లభాషయందు 'టాలరేషన్', 'యాక్సెప్టెన్స్' అను రెండు పదములు సమానార్థకములవలె తోచును. కాని వాని మూలములు వేరు. మొదటిది భారమును మోయుట, ఓర్చుట అను అర్థముగల లాటిన్ పదమునుండి పుట్టినది. రెండవదానికి తనవద్దకు గ్రహించుట అని మూలార్థము.

ఈ భేదమునకు చరిత్రయే సాక్షి. 1689లో ఇంగ్లండు పార్లమెంటు 'టాలరేషన్ చట్టము'ను చేసినది. అధికార చర్చికి వెలుపలనున్న ప్రొటెస్టంటులకు ఆరాధనాస్వేచ్ఛ లభించినది. కాథలిక్కులకును, త్రిత్వమును నిరాకరించినవారికిని లభింపలేదు. స్వేచ్ఛ పొందినవారికి సైతము ప్రభుత్వపదవుల విషయమున నిర్బంధములు 1828 వరకు తొలగలేదు. ఓర్చువాడు పైన, ఓర్వబడువాడు క్రింద నిలిచిరి.

1893 సెప్టెంబరు 11న చికాగో సర్వమతమహాసభయందు స్వామి వివేకానందులు ఈ రెండు భావములను ప్రక్కప్రక్కన నిలిపిరి. సహనముతో ఆగక, సర్వమతములను సత్యములుగా స్వీకరించుట తమ విశ్వాసమని ప్రకటించిరి. 1900 జనవరిలో కాలిఫోర్నియాయందలి పాసడీనాలో మరింత నిష్కర్షగా, పరులను బ్రతుకనిచ్చుచున్నామను భావమే దైవదూషణమనిరి.

అట్లని తితిక్ష హీనమైనది కాదు. శమదమాది షట్కసంపత్తిలో అదియు ఒకటి. అయితే దానికి విషయము శీతోష్ణములు, సుఖదుఃఖములు. సాటి మనుష్యుని ఉపాసన కాదు. పరుని ఉపాసనను ఎండవానలవలె ఓర్చినచో, అతనిని దుఃఖహేతువుగా ఎంచినట్లే కదా!

కావున సాధకుడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను: పొరుగువాని ప్రార్థన చెవినబడినప్పుడు నేను ఓర్చుచున్నానా, స్వీకరించుచున్నానా?