రచ్చబండ మీద కెమెరా

"ఇంటిగుట్టు లంకకు చేటు" అన్న సామెతను మన పెద్దలు ఎక్కువగా ఆడపిల్లలకే చెప్పారు. మొగుడు కొట్టినా, అత్త తిండి పెట్టకపోయినా ఆ మాట గడప దాటకూడదని దాని సారం. స్త్రీవాదం మొదట ప్రశ్నించింది ఆ గడపనే. వ్యక్తిగతమే రాజకీయం అన్నాం. మరి 2010 దశకంలో తెలుగు ఛానళ్ళు ఇంటిగుట్టును బయటపెట్టే కార్యక్రమాలు మొదలుపెడితే మనకెందుకు అంత ఇబ్బంది కలిగింది? ఈ ప్రశ్నకు జవాబును నేను చరిత్రలో వెతకాలనుకున్నాను.

ఈ ప్రక్రియ పుట్టుక చెడ్డదేం కాదు. 1967లో అమెరికాలోని డేటన్ నగరంలో ఫిల్ డోనహ్యూ మొదలుపెట్టిన పగటిపూట కార్యక్రమానికి మొదటి అతిథి నాస్తికవాది మాడలిన్ మర్రే ఒహేర్. ఇంట్లో ఉండే ఆడవాళ్ళకు వంటలూ అలంకరణలూ చాలనుకున్న రోజుల్లో ఆయన వాళ్ళ ముందు రాజకీయాలు పెట్టాడు, వాళ్ళకు మైకు అందించాడు. 1991లో వచ్చిన జెర్రీ స్ప్రింగర్ షో నాటికి మాట పోయి కొట్లాట మిగిలింది. 1995లో జెన్నీ జోన్స్ షోలో ఒకతను తన రహస్య ప్రేమను బయటపెట్టాడు. అది విన్న వ్యక్తే మూడు రోజుల తర్వాత అతన్ని కాల్చి చంపాడు. బ్రిటన్‌లో జెరెమీ కైల్ షోలో అబద్ధాల పరీక్షలో తప్పిన ఒక అతిథి కొద్దిరోజులకే చనిపోతే, 2019లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు.

మన దగ్గర జీ తెలుగులో జీవిత నడిపిన 'బతుకు జట్కాబండి', జెమినీలో రోజా నడిపిన 'రచ్చబండ' ఈ కోవలోవి. ఆ పేర్లను కొంచెం ఆగి చూడాలి. మొదటిది కన్నడం నుంచి వచ్చింది. డి.వి. గుండప్ప 1943లో ప్రచురించిన 'మంకుతిమ్మన కగ్గ'లో బతుకు ఒక జట్కాబండి, దాన్ని తోలేది విధి. భార్యను తన్నే మొగుడి కథకు ఆ పేరు పెట్టాక ఇక పితృస్వామ్యాన్ని వెతకాల్సిన పని ఎవరికుంటుంది? తప్పంతా విధిదే అవుతుంది.

రెండో పేరు ఊరి నుంచి ఎత్తుకొచ్చింది. అసలు రచ్చబండ ఎట్లా ఉండేదో తెలుసుకోవడానికి నాకు ఉత్తర తెలంగాణలోని జైనూర్ ప్రాంతం గుర్తొస్తుంది. 1940లో కొమురం భీం పోరాటం తర్వాత ఇక్కడి గోండుల మధ్యకు వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, భార్య బెట్టీతో కలిసి ఈ మండలంలోని మార్లవాయిలోనే మకాం పెట్టాడు. పెళ్ళి, విడాకులు, లేచిపోవడం వంటి తగాదాలను గోండు పంచాయితీలు తేల్చే తీరును ఆయన రాసిపెట్టాడు. మొగుణ్ణి వదిలి మరొకరితో బతకడానికి గోండు స్త్రీకి ఆచారం దారి ఇచ్చింది. పెద్దలు ముఖ్యంగా తేల్చేది పరిహారం సంగతి. రాయ్ సెంటర్లు, సార్‌మేడిల రూపంలో ఆ వ్యవస్థ ఇప్పటికీ ఉంది.

దీన్ని ఆదర్శంగా చూపాలని కాదు. పరిహారం పుచ్చుకునేదీ, తీర్పు చెప్పేదీ మగవాళ్ళే. అయినా ఒక తేడా ఉంది. తీర్పు చెప్పిన పటేలు మర్నాడు అదే గూడెంలో, అదే మనుషుల మధ్య తిరగాలి. తీర్పు తప్పయితే ఎదురు పడి అడిగేవాళ్ళుంటారు. స్టూడియోలో తీర్పు చెప్పిన నటికి ఆ అవసరం లేదు. షూటింగ్ అయ్యాక ఆమె ఇంటికి ఆమె వెళుతుంది. కోపంతో రగిలిపోతున్న మొగుడితో, ఊరంతా చూసేసిన కథతో ఈమె తన ఇంటికి వెళ్ళాలి.

చట్టానికి ఈ ప్రమాదం తెలుసు. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ దాంపత్య కేసుల విచారణ మూసిన తలుపుల వెనక జరగాలంటుంది. 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టం, 2005 గృహహింస చట్టం కూడా అందుకు వీలు కల్పించాయి. కోర్టు కాపాడమన్న గుట్టే ఛానల్‌కు సరుకయింది. తమిళంలో ఇట్లాంటిదే అయిన 'సొల్వదెల్లాం ఉణ్మై' ప్రసారాన్ని 2018లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం తాత్కాలికంగా ఆపింది.

అయినా ఆడవాళ్ళు ఎందుకు వెళ్ళారు? స్టేషన్లో "సర్దుకుపో" అన్నారు కాబట్టి. కోర్టుకు ఖర్చు కాబట్టి. వాళ్ళు చెప్పేది మధ్యలో ఆపకుండా, కాసేపైనా ఎవరో విన్నారు కాబట్టి. వాళ్ళను తప్పుపట్టే హక్కు మనకు లేదు.

విని ఏం చేశారన్నదే అసలు ప్రశ్న. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు కూడా తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను రికార్డు చేశారు. వాటిలో దాంపత్యపు బాధలు, పార్టీ చేసిన అన్యాయాలు, పిల్లల్ని వదిలిన దుఃఖం అన్నీ ఉన్నాయి. అవి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అయ్యాయి. ఒక్కొక్కరి దుఃఖం పక్కన మరొకరి దుఃఖం పెడితే అది విధి కాదని, ఒక వ్యవస్థ అని కనబడింది. టీవీ ప్రతి కథనూ విడివిడిగా చూపి, చివరికి ఆమెనే సర్దుకోమంది. గుట్టు రచ్చకెక్కింది గాని రాజకీయం కాలేదు.

జైనూర్ నుంచి జిల్లా కేంద్రం ఆసిఫాబాద్‌కు కెరమెరి ఘాట్లు దిగి వెళ్ళాలి. గృహహింస చట్టం చెప్పిన రక్షణాధికారి ఉండేది ఆ చివర. టీవీ మాత్రం ఇంట్లోనే ఉంది. ఆ దూరం తగ్గించకుండా యాంకర్లను తిట్టడం వల్ల ఏ స్త్రీకీ ఒరిగేదేమీ లేదు.