ఇళ్ళలో, పెరట్లో ఎలుకల నివారణ

నెల్లిమర్ల ప్రాంతంలో ఖరీఫ్ వరి కోతలు పూర్తయి ధాన్యం ఇళ్ళకు చేరగానే గట్ల మీది ఎలుకలు, పందికొక్కులు కూడా ఊళ్ళోకి వస్తాయి. ఇవి తినేదానికంటే పాడుచేసేదే ఎక్కువ. వీటి మూత్రం వల్ల ఎలుక జ్వరం వస్తుంది.

నిల్వలో జాగ్రత్తలు
• బస్తాలను చెక్క బల్లలపై, గోడకు 2 అడుగుల దూరంలో పేర్చాలి.
• 6 మి.మీ. సందులోనూ చిట్టెలుక దూరుతుంది. కన్నాలను గాజు పెంకులు కలిపిన సిమెంటుతో మూయాలి.
• గడ్డివాము, కట్టెలు ఇంటి గోడకు ఆనించరాదు.

బోనులు
ఇంటి లోపల బోనులే మేలు. ఎలుకలు కొత్త వస్తువును నమ్మవు. కాబట్టి 2-3 రోజులు బిగించకుండా ఎర పెట్టి, అలవాటయ్యాక బిగించాలి.

విషపు ఎర
పెరట్లోని కన్నాలన్నీ సాయంత్రం మట్టితో మూయాలి. మర్నాడు తెరుచుకున్న వాటిలోనే ఎలుకలున్నట్టు. 96 పాళ్ళు నూకలకు 2 పాళ్ళు వంటనూనె పట్టించి, 2 పాళ్ళు బ్రోమోడయోలోన్ (0.25 శాతం) కలపాలి. 15 గ్రాముల చొప్పున పొట్లాలు కట్టి కన్నం లోపలికి వేయాలి. చేతులకు తొడుగులు వేసుకోవాలి. ఎలుకలు చావడానికి కొన్ని రోజులు పడుతుంది. వీధి వారంతా ఒకేసారి చేస్తేనే ఫలితం ఉంటుంది.

హెచ్చరిక
• పసుపు భాస్వరం పేస్టుకు విరుగుడు లేదు. ఇంట్లో ఉంచవద్దు.
• అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళల వాయువు ప్రాణాంతకం. ఇంట్లో వాడరాదు.
• పిల్లలు ఎర తింటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా, మందు ప్యాకెట్‌తో సహా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. 108కి ఫోన్ చేయాలి. బ్రోమోడయోలోన్‌కు విటమిన్-కె విరుగుడు.
• చచ్చిన ఎలుకలను, మిగిలిన ఎరను లోతుగా పాతిపెట్టాలి.