చర్చి బయట డోలు



పోయిన క్రిస్మస్‌కి ఊరెళ్తే మా గూడెం చర్చి దగ్గర చిన్న గొడవైంది. కుర్రాళ్ళు డోలు తెచ్చారు, సంఘపెద్దలు వద్దన్నారు. పాత దేవుళ్ళ ముందు కొట్టేది ప్రభువు సన్నిధికి తేకూడదంట. డోలు ఇప్పచెట్టు కిందే ఉండిపోయింది, లోపల కీబోర్డు మోగింది. హాస్టల్‌కి వచ్చాక చర్చికెళ్ళే వాళ్ళం, వెళ్ళని వాళ్ళం కూర్చుని దీని మీద చాలా వాదించుకున్నాం. సరిగ్గా ఇదే పేచీ వందేళ్ళ కింద మిజో కొండల్లో నడిచిందని అప్పుడే తెలిసింది.

మిజోరం అంటే పోటీ పరీక్షల పుస్తకాల్లో మనకు రెండే లైన్లు. రాజధాని ఐజ్వాల్, 2011లో అక్షరాస్యత 91 శాతం పైనే. ఆ అక్షరాలు ఎలా వచ్చాయో మాత్రం రాయరు. 1894లో లోరైన్, సావిడ్జ్ అనే ఇద్దరు మిషనరీలు వెళ్ళి మిజో భాషకు రోమన్ లిపిలో రాత కట్టారు. 1899లో మొదటి బాప్తిస్మాలు, ఇద్దరికే. 1906లో ఉజ్జీవం వచ్చి విశ్వాసులు పెరిగారు. వెంటనే 1908లో ‘పుమా జై’ అనే పాటలు ఊరూరా పాకి, కొత్త మతాన్ని ఎగతాళి చేశాయి. అదీ ఆదివాసీ పాటే, మరి!

ఆ తర్వాత 1911లో వెదురు పూసింది. పోడు చేసే మనకు ఈ మాట వింటేనే గుండె జారుతుంది. అక్కడి వెదురు 48 ఏళ్ళకోసారి అడవి అడవంతా ఒకేసారి పూసి, కాసి, ఎండిపోతుంది. ఆ కాయలు తిని ఎలుకలు లెక్కలేకుండా పెరుగుతాయి. కాయలు అయిపోగానే పోడు వరి మీద పడతాయి. దీన్ని ‘మౌతామ్’ అంటారు, వెదురు చావు అని. జనం అడవి దుంపలు తవ్వుకు తిన్నారు. ఆకలి ఎవరి మతమూ అడగలేదు.

అంతకు ముందే, 1910లో, అక్కడి ఆడవాళ్ళు ఒక అలవాటు మొదలుపెట్టి ఉన్నారు. వండే ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుడి పని కోసం పక్కన పెట్టడం. పేరు ‘బుహ్‌ఫాయ్ థామ్’. ఇప్పటికీ నడుస్తోంది. మాకు ఈ చరిత్ర మొత్తంలో బాగా నచ్చింది ఇదే. డబ్బు లేని మనిషి కూడా ఇచ్చేవాడిగా నిలబడ్డాడు. ఇవ్వగలిగాననే సంతోషం ఎంత పెద్దదో మన అమ్మలను చూస్తే తెలుస్తుంది కదా.

ఇక డోలు. మిజో డోలు పేరు ‘ఖువాంగ్’. పాత పండగలకి, ‘జూ’ అనే బియ్యపు మద్యానికి తోడుగా మోగేది కాబట్టి తొలి క్రైస్తవులు దాన్ని వదిలేశారు. చర్చిలో పరదేశి రాగాలు, అనువాదం పాటలు. 1919లో మళ్ళీ ఉజ్జీవం వచ్చింది. కరువు చూసిన ఆ జనానికి లోపల పొంగిన ఆనందం ఆ రాగాల్లో పట్టలేదు. ఖువాంగ్ ఆరాధనలోకి వచ్చేసింది. పాటియా లాంటి కవులు పాత మిజో పాటల మాటలతోనే పరలోకం గురించి, కొండల అందం గురించి పాటలు కట్టారు. అందరూ గుమిగూడి, డోలు దెబ్బకి నెమ్మదిగా పాడే ఈ పద్ధతి ‘లెంగ్‌ఖోమ్ జై’. చావు ఇంట్లో కూడా కుర్రాళ్ళు చేరి రాత్రుళ్ళు పాడతారు, ఏడ్చేవాళ్ళని ఒంటరిగా వదలరు.

అన్నీ మిగిలాయని మేం చెప్పం. కుర్రాళ్ళు కలిసి పడుకుని పని నేర్చుకునే ‘జోల్‌బుక్’ పోయింది. 1959లో మళ్ళీ మౌతామ్, ఆ ఆకలి సరిగా పట్టించుకోలేదన్న కోపం నుంచి తిరుగుబాటు, 1966 మార్చిలో ఐజ్వాల్ మీద మన సొంత దేశపు విమానాల బాంబులు, 1967 నుంచి ఊళ్ళు ఖాళీ చేయించి రోడ్ల పక్క గుంపు గ్రామాలు. 1986లో గానీ శాంతి ఒప్పందం కాలేదు. అన్నేళ్ళూ ఆ పాట ఆగలేదు.

ఇదంతా ఊళ్ళో సంఘపెద్దకి ఫోన్‌లో చెప్పాం. ఓపిగ్గా విని, “వాళ్ళు వేరు, మనం వేరు రా” అన్నాడు. కాసేపాగి, ఆ డోలు ఇప్పుడు ఎవరింట్లో ఉందిరా అని అడిగాడు. మా పెదనాన్న ఇంట్లో ఉంది. తోలు వదులైంది, క్రిస్మస్ లోపు బిగించాలి.